తొలి వాల్వు యాంప్లిఫయర్: తయారీ విధానం

వాల్వు అంటే గాలి పూర్తిగా తీసేసిన గాజు గొట్టంలో, వేడెక్కిన కాథోడ్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు పారే ఏర్పాటు. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ చేసిన డయోడులో ఈ రెండే ఉండేవి. 1906లో లీ డి ఫారెస్ట్ రెంటి మధ్యా గ్రిడ్ అనే మూడో తీగను పెట్టాడు, అదే ట్రయోడు. గ్రిడ్ వోల్టేజీ కొద్దిగా మారితే చాలు, ప్లేటు కరెంటు బాగా మారుతుంది. యాంప్లిఫయర్‌కు ఆధారమంతా ఆ ఒక్క కిటుకే.

ఇంట్లో మంచి యాంప్లిఫయర్ తయారుచేసుకునే అలవాటుకు రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో ఊపు వచ్చింది. 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ ప్రచురించిన 15 వాట్ల సర్క్యూట్‌ను ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు తయారుచేసుకున్నారు. ఆ తర్వాత వాల్వుల కంపెనీ ముల్లార్డ్ తానే సర్క్యూట్లు గీసి పంచింది. వాటిలో చిన్నది ‘3-3’. మూడే వాల్వులతో 3 వాట్లు ఇస్తుంది కాబట్టి ఆ పేరు. మన దగ్గర బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. ఆ ముద్ర ఉన్నవి పాత సరుకులో ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

మొదటిసారి చేసేవారికి 3-3 బాటలోనే నడిచే ఒక అమరిక బాగా పనికొస్తుంది. ముందు దశలో ఈసీసీ83లో సగం, పవర్ దశలో ఒక ఈఎల్84, కరెంటును ఏసీ నుంచి డీసీ చేయడానికి ఈజెడ్80. మొదటి ప్రయత్నానికి మోనో చాలు. స్టీరియోకి ఈసీసీ83లో మిగిలిన సగం సరిపోతుంది గానీ ఈజెడ్80 చాలదు. అది ఇవ్వగలిగేది 90 మిల్లీ ఆంపియర్లే, రెండు ఈఎల్84లు తీసుకునేది సుమారు 107. అప్పుడు 150 మిల్లీ ఆంపియర్ల ఈజెడ్81 వాడాలి.

ఈఎల్84 లెక్క తెలిస్తే మిగతా సర్క్యూట్ తేలిగ్గా అర్థమవుతుంది. ప్లేటుకు 250 వోల్టులు, 48 మిల్లీ ఆంపియర్లు ఇస్తే 12 వాట్లవుతుంది. ఆ ప్లేటు తట్టుకోగలిగిన హద్దూ అదే. గ్రిడ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండే మరో గ్రిడ్, అంటే స్క్రీన్ గ్రిడ్, తీసుకునే ఐదున్నర మిల్లీ ఆంపియర్లు కలిపితే కాథోడ్ నుంచి పారేది 53.5. కాథోడ్ కింద 135 ఓముల రెసిస్టర్ పెడితే దాని మీద ఏడు వోల్టుల పైచిలుకు నిలుస్తుంది. గ్రిడ్‌ను కాథోడ్ కన్నా అంత మైనస్‌లో ఉంచే బయాస్ ఇదే. వేరే సరఫరా అక్కర్లేదు, వాల్వు తన కరెంటును తానే అదుపులో పెట్టుకుంటుంది. ఈ స్థితిలో గరిష్ఠంగా 5.7 వాట్లు వస్తాయి, కానీ అక్కడ వికృతి 10 శాతం. మర్యాదగా వినదగ్గది 3 వాట్ల దాకానే. స్క్రీన్ గ్రిడ్‌ను ప్లేటుకే కలిపి ట్రయోడులా వాడితే శబ్దం మెత్తబడుతుంది, పవర్ మాత్రం 2 వాట్ల లోపుకు పడిపోతుంది.

పూర్తి పవర్‌కు ఈఎల్84 గ్రిడ్‌కు సుమారు 4.3 వోల్టుల సిగ్నల్ కావాలి. 100 కిలో ఓముల ప్లేటు రెసిస్టర్, 1.5 కిలో ఓముల కాథోడ్ రెసిస్టర్ వేసిన ఈసీసీ83 సిగ్నల్‌ను యాభై రెట్ల పైన పెంచుతుంది కాబట్టి ఇన్‌పుట్‌లో 80 మిల్లీ వోల్టులు ఉంటే సరిపోతుంది. సెల్‌ఫోన్ ఇంతకన్నా చాలా ఎక్కువే ఇస్తుంది. ఆ మిగులును నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌కు, అంటే అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తలకిందులుగా వెనక్కి పంపడానికి, ఖర్చుపెట్టి వికృతిని తగ్గించుకోవచ్చు.

వెలిగే గాజునే అందరూ మెచ్చుకుంటారు గానీ ఈ యాంప్లిఫయర్ మంచిచెడ్డలు తేల్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఈఎల్84 కోరేది 5,200 ఓముల లోడు, స్పీకరు ఉండేది 8 ఓములు. రెంటినీ కలపాలంటే చుట్ల నిష్పత్తి సుమారు 25.5 ఉండాలి. పైగా ప్రైమరీలో 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. కోరు రేకుల మధ్య సన్నని గాలి సందు వదలకపోతే ఇనుము సంతృప్తమై మంద్రస్వరాలు చచ్చిపోతాయి. ప్రైమరీని, సెకండరీని పొరలుపొరలుగా మార్చి మార్చి చుట్టకపోతే తారస్వరాలు మూగబోతాయి. మామూలు వైండింగ్ షాపులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లాగే రేకులు అటొకటి ఇటొకటి తిప్పి పేర్చేస్తారు, ఆ సందు మిగలదు. చుట్టేవారికి ఈ రెండు సంగతులూ కాగితం మీద రాసివ్వాలి, లేదా ఈ పనికే చేసినది కొనాలి. విలియమ్సన్ కూడా తన వ్యాసంలో ట్రాన్స్‌ఫార్మర్ కొలతలన్నీ విడిగా ఇచ్చాడు. డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే ఇక్కడే పెట్టాలి, పేరుమోసిన పాత వాల్వుల మీద కాదు.

పవర్ సప్లైకి 250-0-250 వోల్టుల సెకండరీ, హీటర్లకు 6.3 వోల్టుల 2 ఆంపియర్ల చుట్టు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఈజెడ్80 తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్లు మించకూడదు. మించితే స్విచ్ వేసినప్పుడు పారే కరెంటుకు వాల్వు దెబ్బతింటుంది. దాని తర్వాత 10 హెన్రీల చోక్, మరో కండెన్సర్. రెసిస్టర్లు, కండెన్సర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి చోట్ల దొరుకుతాయి. కండెన్సర్లు 450 వోల్టులవేనా అని చూసుకోవాలి.

అల్యూమినియం చాసిస్ మీద మొదట బిగించాల్సింది రెండు ట్రాన్స్‌ఫార్మర్లనే. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇచ్చి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను అటూ ఇటూ తిప్పుతూ వినాలి. మోత దాదాపు ఆగిపోయే కోణం ఒకటి దొరుకుతుంది, సాధారణంగా కోర్లు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు. రంధ్రాలు అప్పుడే వేయాలి. హీటర్ తీగలను గట్టిగా మెలిపెట్టి చాసిస్ మూలల వెంబడి నడపాలి. ఎర్త్‌లన్నీ ఒకే మందపాటి రాగి తీగకు, కండెన్సర్ల నుంచి ఇన్‌పుట్ దాకా వరుసగా కలపాలి. ఆ తీగ చాసిస్‌ను తాకేది ఇన్‌పుట్ దగ్గర ఒక్క చోటే. మెయిన్స్ ఎర్త్‌కు మాత్రం చాసిస్ మీద విడి బోల్టు. ఈఎల్84 గ్రిడ్ పిన్నుకు ఆనుకునే 1 కిలో ఓము రెసిస్టర్ పెట్టకపోతే వాల్వు చెవికి అందని స్థాయిలో ఆసిలేట్ అవుతుంది.

లోపల 300 వోల్టులకు పైగా ఉండొచ్చు, స్విచ్ తీసినా కండెన్సర్లలో నిలిచే ఉంటుంది. వాటికి అడ్డంగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా సోల్డర్ చేయాలి. అయినా ముట్టుకునే ముందు మీటరుతో చూడాల్సిందే. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవడం పాత మెకానిక్‌లు నేర్పే పద్ధతి. రెండు చేతుల మధ్య పారే కరెంటు గుండె మీదుగా పోతుంది.

మొదటిసారి వాల్వులు లేకుండా, రిపేరు షాపుల్లో వాడే సిరీస్ బోర్డు గుండా కరెంటు ఇవ్వాలి. ఆ బోర్డులో వరుసగా ఉండే 60 వాట్ల బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. అంతా బాగుంటే వాల్వులు పెట్టి, అవుట్‌పుట్‌కు స్పీకరు గానీ 8 ఓముల రెసిస్టర్ గానీ తగిలించాకే నేరుగా ప్లగ్ పెట్టాలి. లోడు లేకుండా సిగ్నల్ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చిరిగిపోవచ్చు. అర నిమిషంలో ఈఎల్84 కాథోడ్ మీద 7 వోల్టుల చుట్టుపక్కల కనిపించాలి. అది పదికి ఎగబాకి ప్లేటు ఎర్రబడుతుంటే వెంటనే ఆపేయాలి. చాలాసార్లు తప్పు రెండు దశల మధ్య ఉన్న 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్‌ది. అది లీకైతే గ్రిడ్‌కు ప్లస్ వోల్టేజీ చేరుతుంది.

ఫీడ్‌బ్యాక్ తీగను అన్నిటికన్నా చివర కలపాలి. అది స్పీకరు వైపు నుంచి ఈసీసీ83 కాథోడ్‌కు వస్తుంది. కలపగానే కేక పెడితే సెకండరీ కొనలు తారుమారు చేస్తే సరిపోతుంది. మోత తగ్గి శబ్దం కాస్త చిన్నదైతే సరిగ్గా కుదిరినట్టు. 3 వాట్లకు 90 డెసిబెల్స్ పైన సున్నితత్వం ఉన్న స్పీకరు వాడితే మామూలు గదికి చాలు. 84 డెసిబెల్స్ స్పీకరుతో అంతే శబ్దం రావాలంటే నాలుగింతల పవర్ కావాలి, అది ఒక్క ఈఎల్84తో అయ్యే పని కాదు.