సరంగాన్ విసనకర్రకు జోహారు

తూర్పు జావాలో లావు అనే పర్వతం వాలున, సుమారు 1,200 మీటర్ల ఎత్తున సరంగాన్ సరస్సు ఉంది. ఆ చలిలో కుందేలు సాతే కాల్చి అమ్మేవారి పనితనం చూసి తీరాలి. కుందేలు మాంసంలో కొవ్వు తక్కువ. సెగ కాస్త ఎక్కువైతే చాలు, పీచులా ఎండిపోతుంది. అందుకే చిన్న ముక్కలు కోసి, వెదురు పుల్లలకు గుచ్చి, తియ్యటి సోయా సాస్ పట్టిస్తారు. ఒక చేత విసనకర్ర, మరో చేత పుల్లలు. బొగ్గులు మందగిస్తే విసురుతారు, మంట లేస్తే పుల్లలు పక్కకు జరుపుతారు. వేరుశనగ సాస్, అరటాకులో ఉడికిన లోంతోంగ్ అన్నం ముక్కలు దానికి జోడీ. ముద్దుగా పెంచుకునే జీవిని తింటారా అని ముఖం తిప్పుకునేవారూ ఉంటారు. వారి అభ్యంతరాన్ని కాదనలేం. కానీ గడియారం, థర్మామీటరు లేకుండానే నిప్పును అదుపులో ఉంచే ఆ చేతులను మెచ్చుకోవడానికి సాతే తినాల్సిన పనిలేదు.