పావుతక్కువ రెండంగుళాలు

గిటార్ కొన్న వారానికే పెడల్ కొనే కుర్రాళ్ళ మీద ఈ కాలమిస్టుకున్న చిరాకు పాత పాఠకులకు కొత్త కాదు. ఈ వారం చిరాకుకు కారణం మాత్రం పెడల్ కాదు, హ్యాక్సా బ్లేడు. అనకాపల్లిలో ట్రాక్టరు పిన్నులూ మోటారు షాఫ్టులూ సరిచేసే ఓ లేత్ షాపుకెళ్ళి, మేనల్లుడు తన ఎలక్ట్రిక్ గిటార్ ట్రెమొలో ఆర్మ్‌ని వైస్‌లో బిగించి కోయించుకొచ్చాడు. ఆరంగుళాల కడ్డీ కాస్తా నాలుగుంబావు అయింది. మిగతా పావుతక్కువ రెండంగుళాల ముక్క షాపులోనే ఇనపరజనులో కలిసిపోయింది.

“ఏట్రా ఈ పని?”

“గిల్మోర్‌ది ఇంతే ఉంటది మావయ్యా.”

అదీ సంగతి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1970లో న్యూయార్క్‌లోని మ్యానీస్ దుకాణంలో ఒక స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. తర్వాత్తర్వాత అది ‘బ్లాక్ స్ట్రాట్’ అని పేరుపడింది. దాని ఆర్మ్ పొట్టిది. 2008లో ఫెండర్ కంపెనీ ఆ గిటార్‌కు నకలు చేసి అమ్మినప్పుడు ఆ పొట్టితనాన్నీ వదల్లేదు, కొలిచి మరీ పెట్టింది: 4.25 అంగుళాలు. అసలు గిటార్ 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో 39.75 లక్షల డాలర్లకు పోయింది. ఆ వేలంలో వచ్చిన సొమ్మును గిల్మోర్ పర్యావరణం కోసం కోర్టుల్లో పోరాడే క్లయింట్‌ఎర్త్ సంస్థకు ఇచ్చేశాడు. మేనల్లుడికి డాలర్లూ అందవు, బ్లాక్ స్ట్రాటూ అందదు. అందేది కొలత ఒక్కటే. దాన్ని పట్టుకొచ్చాడు.

గిటార్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. అందులో తీగెలు కట్టే బ్రిడ్జి చెక్కకు అతుక్కుని ఉండదు. ముందంచున ఉన్న ఆరు స్క్రూల మీద ఊగుతుంది. ఆరు తీగెల బిగువూ కలిపితే సుమారు 40 కిలోలు, దాన్ని ఒకవైపు లాగుతూ ఉంటుంది. గిటార్ వెనక గదిలో మూడు నుంచి ఐదు స్ప్రింగులు రెండోవైపు లాగుతాయి. ఈ రెండు లాగుళ్ళూ సరిపోయిన చోట బ్రిడ్జి నిలుస్తుంది. దానికి బిగించిన కడ్డీయే ఆర్మ్. నొక్కితే తీగెలు వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే తిరిగి తన చోటికొస్తుంది. సున్నితంగా ఊపితే స్వరం వణుకుతుంది.

కాలమిస్టు మొదటి అభ్యంతరం హైస్కూలు చదువులోది. తులాదండం సూత్రం అనకాపల్లి వాళ్ళకు పుస్తకంలోంచి చెప్పక్కర్లేదు. మోటార్లు రాకముందు ఎడ్లు తిప్పిన చెరుకు గానుగకు అంత పొడవు దూలం ఎందుకుండేదో బెల్లం వండిన ఇళ్ళలో అందరికీ తెలుసు. దూలం పొడవైతే ఎద్దుకు బరువు తగ్గుతుంది, నడక పెరుగుతుంది. ఆర్మ్ కూడా అంతే. ఆరంగుళాల కొస నుంచి నాలుగుంబావుకు వస్తే, కాగితం మీద లెక్క ప్రకారం, అదే స్వరం దించడానికి దాదాపు 40 శాతం ఎక్కువ బలం కావాలి. చెయ్యి కదలాల్సిన దూరం ఆ మేరకు తగ్గుతుంది. సరే, అదే కావాలంటే కోయడమెందుకు? పొడుగు కడ్డీనే కాస్త లోపలికి, నాలుగుంబావు దగ్గర పట్టుకుంటే పోలా? బలమూ అంతే, దూరమూ అంతే. రూపాయి ఖర్చు లేదు.

మేనల్లుడు దీనికి జవాబు చెప్పలేదు. కాలమిస్టు చెప్పనిచ్చే రకమూ కాదు.

ఎందుకంటే అప్పటికే ఇతగాడు రెండో అభ్యంతరంలోకి వెళ్ళిపోయాడు. అసలా కడ్డీ ఎందుకు? వేళ్ళు లేవా? ఇక్కడికి రాగానే కాలమ్‌లోకి మేనత్త వీణ రావడం ఖాయం. విసుగెత్తిన పాఠకులు రెండు పేరాలు దాటేసినా ఏమీ అనుకోడు.

అది బొబ్బిలి వీణ. ఒకే పనసదుంగను తొలిచి చేసిన ఏకాండి. నల్లటి మైనం మీద 24 ఇత్తడి మెట్లు. ఎండలు ముదిరితే మైనం మెత్తబడి మెట్లు అటూ ఇటూ జరిగేవి. అప్పుడు బొబ్బిలి వైపు నుంచి పనివాడు వచ్చి మేళం కట్టి వెళ్ళేవాడు. ఆ పూట ఇల్లంతా కరిగిన మైనం వాసనే. అత్తయ్య ఎడమచేతి చూపుడువేలు మీదా నడిమివేలు మీదా తీగె కోసిన సన్నటి గాడి ఉండేది. వాయించేముందు గాడిలో కొబ్బరినూనె రాసుకునేది. వీణ ముట్టుకోనిచ్చేది కాదు గాని, ఆ గాడి మాత్రం పిల్లలందరం ముట్టుకుని చూశాం అని కాలమిస్టు అన్నదమ్ములు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వీణలో కిటుకేమిటంటే, మెట్టు మీద తీగెను పక్కకు లాగితే స్వరం పైకే వెళ్తుంది. కిందికి లాగడమంటూ లేదు. మరి పైనుంచి కిందికి జారే గమకం ఎలా? అత్తయ్య కింది మెట్టు మీద వేలుంచి, మీటకముందే తీగెను పైస్వరం దాకా లాగి పట్టుకునేది. అప్పుడు మీటి, మెల్లగా వదిలేది. వినేవాళ్ళకు స్వరం పైనుంచి దిగినట్టుంటుంది. ఎక్కడం ఎవరికీ వినపడదు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఈ లాగుడుతో ఏమేం చేశారో రేడియో విన్న తరానికి చెప్పక్కర్లేదు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించాడు. ఆయన వీణకు ఏ కడ్డీ లేదు.

ఎవరైనా ఈ వాదానికి ఎదురుగా గిటారిస్టు జెఫ్ బెక్‌ను తెస్తారు. తేవాల్సిందే. నితిన్ సాహ్నీ 1999 ఆల్బమ్ ‘బియాండ్ స్కిన్’లోని ‘నాదియా’ను బెక్ 2001లో గిటార్ మీద వాయించాడు. హిందుస్తానీ గొంతులోని వంపులను వేలికి తొడిగిన స్లైడ్‌తోనూ, కుడిచేతిలోని ఆర్మ్‌తోనూ పట్టుకున్నాడు. పిక్ మానేసి వేళ్ళతోనే మీటే మనిషి కాబట్టి ఆయన చేతిలో ఆర్మ్ ఇంకో వేలైపోయింది. కాలమిస్టు ఇన్నాళ్ళూ దీన్ని ‘అది జెఫ్ బెక్ కాబట్టి’ అన్న ఒక్క మాటతో పక్కన పెడుతూ వచ్చాడు.

వేలు చాలునన్న వాదానికి ఇతను ఎప్పుడూ పిలిచే పెద్ద సాక్షి పాలకొల్లు కుర్రాడు, మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పుట్టాడు. తొమ్మిదేళ్ళకు గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటను తీగె మీదికి తెచ్చేవాడు. గొంతులో విన్నదాన్ని వేలితో పట్టుకోవడమంటే ఇదీ అని కాలమిస్టు ఎన్ని వారాలు రాశాడో.

ఆ సాక్షినే ఈ వారం మళ్ళీ బోనెక్కిస్తే సాక్ష్యం ఎదురు తిరిగింది.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగెలు. జంట తీగెలను కలిపి లాగితే రెండూ ఒకే మేరకు సాగవు, గమకం చెదిరిపోతుంది. పైగా చెక్క మాండలిన్ నాదం మీటిన వెంటనే తగ్గిపోతుంది. కర్ణాటక సంగీతానికి అది పనికిరాదన్న పెద్దల మాటలో అన్యాయమేమీ లేదు. శ్రీనివాస్ ఏం చేశాడు? జతలు తీసేసి ఐదు ఒంటి తీగెలు కట్టిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. నాదం నిలబడింది, తీగె వేలి మాట వింది. అంటే ముందు వాద్యాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు, గమకం ఆ తర్వాత వచ్చింది. ఎనిమిది తీగెల్ని ఐదు చేసినవాడికి చప్పట్లు, ఆరంగుళాల్ని నాలుగుంబావు చేసినవాడికి చీవాట్లు! ఈ లెక్క ఎక్కడా నిలవదు.

మేనల్లుణ్ణి పిలిచి గిటార్ ప్లగ్ చేయమన్నాడు. ఈసారి చెవి కాస్త పక్కన పెట్టి కుడిచెయ్యి చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్ ఉంది. కడ్డీ కొస అరచేతి కిందకొచ్చి ఉంగరంవేలి దగ్గర ఆగింది. తీగె మీటిన మరుక్షణం, చెయ్యి ఎత్తకుండా, చోటు మారకుండా, అదే ఉంగరంవేలు కొసను తాకి స్వరాన్ని వణికించింది. తర్వాతి స్వరానికి పిక్ సిద్ధంగానే ఉంది. స్నేహితుడి గిటార్‌కున్న పొడుగు ఆర్మ్‌ని తెచ్చి బిగించి, కాలమిస్టు చెప్పినట్టే లోపలికి పట్టుకుని వాయించమంటే, మిగిలిన పావుతక్కువ రెండంగుళాలూ పిక్ పట్టిన వేళ్ళ కణుపులకు తగిలాయి. కడ్డీని తప్పించబోతే మణికట్టు వంకర పోయింది. కోత బలం కోసం కాదు, అడ్డం తొలగడం కోసమన్నమాట. గానుగ లెక్కలో ఎద్దు ఉంది, దూలం ఉంది గాని, ఆ దూలం పక్కనే ఇంకో పని చేసుకోవాల్సిన వేళ్ళు లేవు.

ఎక్కువ బలం కావాలన్న అభ్యంతరం కూడా చేతిలోకి వచ్చేసరికి తిరగబడింది. వీణతీగె లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ఎక్కడ ఆపాలో వేలికి చెప్పేది ఆ బిగువే. పొట్టి ఆర్మ్ కూడా కాస్త గట్టిగా ఎదురొస్తుంది కనక పావుస్వరం దగ్గర ఆగడం తేలికైంది. తీగెలు వేలాడిపోయేదాకా నొక్కే విన్యాసాలకు మాత్రం పొడుగు కడ్డీయే సుఖం. ఆ ముచ్చట ఉన్నవాళ్ళు తీగెలను రెండు చివర్లా బిగించే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి చూసుకోవాలి.

కోసేవాళ్ళు కోసుకోవచ్చు, అయితే కోసే పద్ధతొకటుంది. ముందు నాలుగుంబావు దగ్గరో, నాలుగున్నర దగ్గరో కరెంటు టేపు చుట్టి, అక్కడ పట్టుకుని కొన్నాళ్ళు వాయించాలి. గిల్మోర్ చెయ్యి గిల్మోర్‌ది. గిటార్‌తో వచ్చిన ఆర్మ్ దాచిపెట్టి, విడిగా ఇంకోటి కొని దాన్ని కోయాలి. కొనేముందు మర చూసుకోవాలి. అమెరికాలో చేసినవాటి మర వేరు, బయట చేసిన చాలావాటిది మిల్లీమీటర్ల మర. బలవంతంగా తిప్పితే బ్రిడ్జి బొక్క పాడైపోతుంది. కోయాల్సింది కొసన, మరవైపు కాదు. తర్వాత ఆకురాయితో అంచు గుండ్రంగా రాయాలి. కోసిన చోట క్రోమ్ పూత పోతుంది కాబట్టి, సముద్రపు గాలి తగిలే మన వైపు తుప్పు ఆలస్యం చేయదు. గోళ్ళరంగు ఒక చుక్క వేస్తే చాలు. నట్ గాళ్ళలో పెన్సిలు ముల్లు రుద్దితే, నొక్కి వదిలిన తీగె ఎక్కడా పట్టేయకుండా తన శ్రుతికి తిరిగొస్తుంది.

ఇక ఆర్మ్ కొసకుండే ప్లాస్టిక్ టోపీ. కోసిన నున్నటి కొస మీద అది నిలవదు, రెండో పాటకే ఊడిపోతుంది. ఏటికొప్పాక మన జిల్లాలోనే ఉంది (ఆ ఊరి పేరు లేకుండా ఈ కాలమ్ ముగియడం అరుదని గిట్టనివాళ్ళు అంటారు). అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు ఎక్కించే చేతులకు గోళీకాయంత బుడిపె ఒక లెక్కా? మేనల్లుడు నలుపు అడిగాడు. కాలమిస్టు పసుపు అన్నాడు. చివరికి నలుపే వచ్చింది, నడుమ ఒక పసుపు గీతతో.

ఒక్క విషయంలో మాత్రం ఇతను మెట్టు దిగలేదు. రాగం వాయించేటప్పుడు ఆ ఆర్మ్ జోలికి పోకూడదు. వీణకు పక్కన మూడు తాళం తీగెలుంటాయి. స్వరం పలికే సారణి తీగెను ఎంత లాగినా అవి కదలవు, షడ్జమం ఉన్నచోటే ఉంటుంది. గిటార్‌లో ఆర్మ్ నొక్కితే ఆరు తీగెలూ కలిసి దిగుతాయి, శ్రుతి కోసం మోగిస్తున్న తీగెతో సహా. పోనీ అన్నీ ఒకే మేరకు దిగుతాయా అంటే అదీ లేదు. ఆర్మ్ ముట్టకుండా ఒక తీగెను వేలితో గట్టిగా లాగినా, ఊగే బ్రిడ్జి ముందుకు వంగి మిగతా ఐదూ కాస్త దిగుతాయి. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాట్లలో బ్రిడ్జి కదలకుండా కొయ్యముక్క పెట్టి బిగించుకుంటాడు. వర్ణం వాయించదలిచిన అనకాపల్లి కుర్రాడికీ అదే దారి.

“మరి సినిమా పాటకి ఆర్మ్ కావాల్సొస్తే?”

“ముక్క తీసెయ్.”

“వర్ణానికి మళ్ళీ పెట్టాలా?”

“పెట్టు. వెనక మూత స్క్రూలు ఆరే కదా.”

“ముక్క ఏ కర్రతో చేయించాలి మావయ్యా?”

“పనస,” అన్నాడు కాలమిస్టు, ఆలోచించకుండానే.