పక్క చెట్టు కూడా పడాలి

ఎడారి మొక్కను అందంగా ఫొటో తీయడం కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి అంత తేలికైన పని ఇంకోటి లేదు. అడవిలోలా కొమ్మలు అడ్డురావు, ఊళ్ళోలా కరెంటు తీగలు వెనక వేలాడవు. మొక్క విడిగా నిలబడి ఉంటుంది, పైన నీలాకాశం, పొద్దున్నే ఏటవాలుగా ఎండ. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ నొక్కితే చాలు, వెనకున్నదంతా మసకలో కలిసిపోయి పువ్వొక్కటే మెరుస్తూ వస్తుంది. చూసినవాళ్ళు 'అబ్బ' అంటారు. ఆ 'అబ్బ' దగ్గరే నాకు పేచీ.

నేను వృత్తి ఫొటోగ్రాఫర్ని కాను. ఆరిజోనాలో, ఫీనిక్స్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే తెల్లారకముందే కెమెరా పట్టుకుని కొండల్లోకి పోయే రకం. ఈ చుట్టుపక్కల ఉన్నది సొనోరన్ ఎడారి. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు, ఒంటెలు ఊహించుకోకండి. ఫీనిక్స్‌లో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువు సీమ అని పేరుపడ్డ మా అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. కానీ ఆ కాస్తా రెండు విడతలుగా పడుతుంది, చలికాలంలో ఒకసారి, జులై-ఆగస్టుల్లో ఇంకోసారి. రెండోదాన్ని ఇక్కడివాళ్ళూ మాన్‌సూన్ అనే అంటారు. ఆ రెండు విడతల పుణ్యమా అని ఇక్కడ ఉన్నన్ని రకాల మొక్కలు చాలా ఎడారుల్లో ఉండవు.

వాటిలో అందరూ ముందు కెమెరా ఎత్తేది సువారోకే. సినిమాల్లో చేతులెత్తి నిలబడ్డట్టు కనబడే ఆ పెద్ద కాక్టస్. నలభై, యాభై అడుగులు ఎదుగుతుంది, నూట యాభై ఏళ్ళ పైన బతుకుతుంది. కానీ దాని బాల్యం చూడాలి. పదేళ్ళ పిల్ల రెండంగుళాలు కూడా ఉండకపోవచ్చు. మొదటి కొమ్మ వేయడానికి యాభై నుంచి డెబ్బై ఏళ్ళు పడుతుంది, వాన తక్కువ చోట వందేళ్ళు కూడా పడుతుంది. అంత చిన్నది ఈ ఎండలో, అప్పుడప్పుడు గడ్డకట్టించే చలిలో, ఎలకల నోళ్ళకు దొరక్కుండా ఎలా నెగ్గుకొస్తుంది? ఇంకో చెట్టు నీడలో. పాలో వెర్డే గానీ, మెస్కీట్ గానీ, ఐరన్‌వుడ్ గానీ, ఏదో ఒక చెట్టు మొదట్లో మొలిచి దాని కొమ్మల చాటున పెరుగుతుంది. పెరిగి పెద్దదయ్యాక ఆ చెట్టు నీళ్ళకే పోటీకొస్తుంది. పెంచిన చెట్టు ముందే ఎండిపోయి, పక్కన సువారో ఒక్కటే మిగలడం ఇక్కడ మామూలు.

ఇప్పుడు మన ఫొటో సంగతి. ఆకాశం మీదికి ఒంటరిగా లేచిన సువారో ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. ధీరోదాత్త నాయకుడిలా ఉంటుంది ప్రతిదాంట్లోనూ. దాని కాళ్ళ దగ్గర ఎండి పడి ఉన్న పాలో వెర్డే మొద్దు మాత్రం కనబడదు. అది అందంగా లేదని చట్రంలోంచి తీసేస్తారు. కథలో సగం అక్కడే పోయింది. అదేదో గొప్ప కళాత్మక నిర్ణయమన్నట్టు 'డిస్ట్రాక్షన్ తీసేశాను' అంటారు కూడా.

ఖాళీ నేల సంగతీ అంతే. ఎడారిలో మొక్కకూ మొక్కకూ మధ్య జాగా ఉంటుంది. చూసేవాళ్ళకు అది ఉత్త మట్టి. నిజానికి పెద్ద సువారో వేళ్ళు నేలకు నాలుగైదు అంగుళాల లోతులోనే, దాని ఎత్తు ఎంతో ఇంచుమించు అంత దూరం నలువైపులా పాకి ఉంటాయి. వాన పడ్డ కాసేపట్లో దొరికింది దొరికినట్టు తాగేయాలి గనక. తాగిన నీళ్ళకు కాండం మీది మడతలు విచ్చుకుని చెట్టు లావవుతుంది. అంటే మనం ఖాళీ అనుకునేది ఖాళీ కాదు, దాని పొలం. మొక్కను చట్రం నిండా ఇరికిస్తే ఆ పొలం పోతుంది. నా మటుకు నేను ఎడారి ఫొటోలో సగానికి పైగా మట్టి ఉన్నా ఒప్పుకుంటాను.

ఆ జాగా ఇంకో పని కూడా చేస్తుంది. పిడుగు పడి ఒక మొక్క అంటుకుంటే మంట పక్క మొక్క దాకా పోదు, మధ్యలో కాలేదేమీ లేదు గనక. వేల ఏళ్ళుగా ఈ ఎడారికి పెద్ద మంటలు అలవాటు లేవు. అందుకే సువారోకు నిప్పును తట్టుకునే శక్తి లేదు. ఇప్పుడు ఆ మధ్య జాగాలోకి బఫెల్ గడ్డి దిగింది. ఆఫ్రికా, అరేబియా నుంచి మన దేశం దాకా సహజంగా పెరిగే గడ్డి ఇది. పశువుల మేతకనీ, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుందనీ 1930, 40లలో అమెరికా వాళ్ళే తెచ్చి వేశారు. మన రైతులకు ఇది కొత్తది కాదు, అంజన్ గడ్డి అంటే తెలుస్తుంది. అక్కడ మంచి మేత, ఇక్కడ అగ్గిపుల్ల. గుబురు గుబురుగా నేలంతా కప్పేస్తుంది, ఎండాక నిప్పు పడితే కొండ కొండంతా అంటుకుంటుంది. టూసాన్ దగ్గర సువారో నేషనల్ పార్కులో వాలంటీర్లు గునపాలు పట్టుకుని దీన్ని వేళ్ళతో సహా పెకలిస్తుంటారు. సాయంత్రపు ఎండకు ఎదురుగా పెట్టి తీస్తే బంగారు తీగల్లా మెరిసే ఆ గడ్డి, కాక్టస్ వెనక భలే పండుతుంది. వెనకదాన్ని మసక చేసి తీసినవాడికి అది రంగు మాత్రమే. స్పష్టంగా తీసినవాడి ఫొటోలో అది సాక్ష్యం.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ లాంటివాళ్ళు కలిసి ఒక బృందం కట్టారు. దానికి పెట్టుకున్న పేరే ఎఫ్/64. పెద్ద కెమెరాల లెన్సులో అది అతి చిన్న రంధ్రం. దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా అన్నీ సూదిమొనలా రావడానికి వాళ్ళు ఎంచుకున్న దారి. ఆడమ్స్ తరవాత్తరవాత సువారోలను కూడా తీశాడు. ఆయన నెగటివులూ కాగితాలూ ఇప్పుడు టూసాన్‌లో, 1975లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో పెట్టిన సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫొటోగ్రఫీలో ఉన్నాయి. అంత మహానుభావుడి పేరు చెప్పి మనం పోల్చుకోనక్కర్లేదు. ఈ రాష్ట్రంలో సరదా ఫొటోగ్రాఫర్లకు కావాలంటే బ్యారీ గోల్డ్‌వాటర్ ఉన్నాడు. 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేసి జాన్సన్ చేతిలో ఓడిపోయిన సెనేటర్. రాజకీయాలు ఎలా ఉన్నా, ఈ ఎడారినీ ఇక్కడి మూలవాసులనూ జీవితమంతా ఫొటోలు తీశాడు, 'ఆరిజోనా హైవేస్' పత్రిక వాటిని అచ్చువేసింది.

ఇక చేతిపని. కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు ముందు అడిగేది ఏ మాక్రో లెన్సు కొనాలని. చవకైన వైడ్ లెన్సు కొనుక్కుని నేల మీద బోర్లా పడుకోమంటాను. గోరంత పువ్వుకు జానెడు దూరంలో లెన్సు పెట్టి, ఎఫ్/11 దగ్గర ఉంచి తీస్తే పువ్వు పెద్దగానే పడుతుంది, వెనక రాళ్ళు, పొదలు, కొండ వరస కూడా గుర్తుపట్టేట్టు పడతాయి. పడుకునే ముందు చుట్టూ చూసుకోవాలి, చోయా అనే కాక్టస్ ముళ్ళుంటాయి. టెడ్డీ బేర్ చోయా అని ముద్దు పేరు పెట్టారు దీనికి. పొద్దుటెండ వెనక నుంచి పడితే ఒళ్ళంతా వెలుగుతున్నట్టు ఉంటుంది. తాకితే ముక్క ఊడి వచ్చి చెప్పుకో చెయ్యికో పట్టుకుంటుంది, వేళ్ళతో లాగితే వేళ్ళకు పాకుతుంది. పెద్ద పళ్ళ దువ్వెన ఒకటి సంచీలో ఉంటే చిమ్మేయొచ్చు. మిట్టమధ్యాహ్నం తప్పనిసరై తీయాల్సి వస్తే పువ్వు మీద తెల్ల పంచె అడ్డం పట్టించి ఎండను మెత్తబరుస్తాను. వందల డాలర్ల డిఫ్యూజర్లు చేసే పని అదే.

వేళ గురించి కూడా ఒక మాట. సూర్యోదయం, సూర్యాస్తమయం తప్ప మిగతా వెలుతురు పనికిరాదని పుస్తకాలు నూరిపోస్తాయి. కొండలకు సరే. గోల్డ్ పాపీ పూలు తెల్లారుజామున ముడుచుకుని ఉంటాయి, ఎండ బాగా ఎక్కాక విచ్చుకుంటాయి, మబ్బు పడితే మళ్ళీ మూసుకుంటాయి. సువారో పువ్వేమో రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోతుంది. రాత్రి గబ్బిలాలకు, పగలు తేనెటీగలకు, తెల్లరెక్కల గువ్వలకు విందు. ఫొటోగ్రాఫర్ల బంగారు ఘడియలు పువ్వుకు తెలియవు.

ఆకురాలు కాలంలోనూ చలికాలంలోనూ వానలు సమంగా కలిసొచ్చిన ఏడు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొండలు పాపీలతో నారింజ రంగుకు తిరుగుతాయి. అప్పుడు జనం వస్తారు. 2019లో కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ దగ్గర వాకర్ కాన్యన్‌కు పోటెత్తారు. పూల మధ్య పడుకుని తీయించుకున్నవాళ్ళు కొందరు, దారి వదిలి పూలు తొక్కుకుంటూ పోయినవాళ్ళు కొందరు. 2023లో మళ్ళీ పూసినప్పుడు అధికారులు ఆ లోయకు పోయే దారే మూసేశారు. జనాన్ని తిట్టడం తేలికే. చుట్టూ ఏమీ లేకుండా పూలూ తామూ మాత్రమే కనబడే ఫొటోలు చూసి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ ఫొటోలు తీసింది మాత్రం మా బాపతే.

టూసాన్ ఊరి పక్కనే టుమమాక్ అని ఒక గుట్ట ఉంది. 1903లో కార్నెగీ సంస్థ అక్కడ ఎడారి ప్రయోగశాల పెట్టింది. సువారో శాస్త్రీయ నామంలో ఉన్న కార్నెగీ కూడా ఆ కార్నెగీయే. అదే ఊళ్ళో పనిచేసిన రేమండ్ టర్నర్, రాడ్నీ హేస్టింగ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పాత ఫొటోలు వెతికి, అవి తీసిన చోటునే కనిపెట్టి, అక్కడే నిలబడి మళ్ళీ తీశారు. 1965లో 'ది ఛేంజింగ్ మైల్' అన్న పుస్తకం వేశారు. ఏ చెట్లు పోయాయో, ఏవి కొత్తగా వచ్చాయో, గడ్డినేలల్లోకి మెస్కీట్ ఎంత దూరం చొచ్చుకొచ్చిందో జంట ఫొటోల్లో తేటతెల్లం. ఆ పాత ఫొటోలు తీసినవాళ్ళలో సరిహద్దు సర్వే వాళ్ళున్నారు. వాళ్ళు తీసింది సరిహద్దు రాళ్ళను. చెట్లు ఊరికే వెనక పడ్డాయి. పోర్ట్రెయిట్ మోడ్ అప్పుడే ఉండి ఉంటే ఆ పుస్తకమే లేదు.

2023 ఎండాకాలంలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీల పైనే కాసింది. సువారో రంధ్రాలు రాత్రిపూటే తెరుచుకుని గాలి పీల్చుకుంటాయి. రాత్రులు కూడా చల్లబడకపోతే దానికి ఊపిరాడదు. ఆ ఏడు కొమ్మలు విరిగి పడ్డవీ, నిలువునా కూలినవీ ఉన్నాయి. వాటిని తీయడానికి మావాళ్ళెవరికీ చేతులు రావు. నేను తీస్తాను. తేదీ, చోటు రాసి, ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెడతాను. అక్కడ మొక్క పేరు తేల్చే శాస్త్రజ్ఞులు అడిగేవి కూడా పువ్వు ముఖచిత్రాలు కావు. ఆకు, కాండం, మొక్క మొత్తం, అది మొలిచిన నేల. అరుదైన మొక్కయితే చోటు గుర్తులు దాస్తారు, కాక్టస్ దొంగలు ఉన్నారు మరి.

ఒకసారి నిండుగా కాయలున్న మెస్కీట్ ఫొటో ఒకటి మా నాన్నకు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోను.

"ఇది మన సర్కారు కంప కదరా?"

"దాని చుట్టమే నాన్నా."

"దీన్ని ఫొటో తీసేదానికి అంత దూరం పోయినావా నాయనా? మన చెరువు నిండా అదే ఉంది."

నిజమే. సర్కారు కంప అమెరికా ఖండం వైపు నుంచి వచ్చిందే. 1877 ప్రాంతంలో మద్రాసు అటవీశాఖ వాళ్ళు వంటచెరకు కోసమని కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. ఇక్కడ దాని చుట్టం కాయల్ని టోహోనో ఓదమ్ ప్రజలు తరతరాలుగా పిండి కొట్టుకుని తిన్నారు. అక్కడ అది బొగ్గుల బట్టీలకు పోతోంది, చెరువులు మింగుతోంది. వాళ్ళ చెట్టు మనకూ, మన గడ్డి వాళ్ళకూ చేరాయి. రెంటినీ చల్లింది ప్రభుత్వాలే.

ఆ చెరువు నా చిన్నప్పుడు ఎలా ఉండేదో చూపడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ ఉంది, స్టూడియోలో తాజ్ మహల్ తెర ముందు తీయించుకున్నవి ఉన్నాయి. చెరువు లేదు. పండక్కి ఊరెళ్ళేవాళ్ళకు చెప్పేది ఒకటే. కట్ట మీద తూము దగ్గర నిలబడి, అవతలి గట్టు మొత్తం వచ్చేలా ఒకటి తీయండి. తేదీ రాసుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడే నిలబడి, అటే తిరిగి ఇంకోటి తీయండి. అప్పటికి కంపచెట్టు పెరిగి అడ్డమొస్తుంది. పక్కకు జరగకండి.