వాడనివాడి నెత్తిన పడిన బైట్లు

లినక్స్ కెర్నల్ తాను తాకిన ప్రతి ఫైలుకీ ఐనోడ్ అనే చిన్న నిర్మాణాన్ని మెమరీలో పెట్టుకుంటుంది. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, ఎప్పుడు మారింది వంటివన్నీ అందులో ఉంటాయి. ఫైలు మూసేసినా ఐనోడ్‌ని వెంటనే పారెయ్యదు, మళ్ళీ అడుగుతారేమోనని దాచి ఉంచుతుంది. పెద్ద సర్వర్లలో ఇలా పోగుపడేవి లక్షల్లో ఉంటాయి. అందుకే ఐనోడ్‌కి నాలుగు బైట్లు తగిలిస్తామని ఎవరైనా వస్తే కెర్నల్ పెద్దలు వంద ప్రశ్నలు వేస్తారు. బయటినుంచి చూస్తే పిసినారితనంలా ఉంటుంది. లినక్స్‌లో భద్రత ఊరూరా పాకడానికి సగం కారణం ఆ పిసినారితనమేనని నా నమ్మకం.

భద్రతా సదుపాయాలు చాలావరకు ఐచ్ఛికం. కావాలంటే పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు. ఈ మాట కాగితం మీద బాగానే ఉంటుంది. ఫెడోరా లాంటి డిస్ట్రిబ్యూషన్ తయారుచేసేవాళ్ళు మాత్రం మనిషికో కెర్నల్ కట్టివ్వలేరు. బ్యాంకు సర్వరుకీ విద్యార్థి ల్యాప్‌టాప్‌కీ ఒకటే కెర్నల్ వెళ్తుంది, అందులో అన్నీ చేర్చే ఉంటాయి. అపార్ట్‌మెంట్లో ఈత కొలను జోలికి పోనివాళ్ళు కూడా నెలనెలా దాని మెయింటెనెన్స్ కట్టినట్టు, సదుపాయాన్ని ఏనాడూ ఆన్ చెయ్యనివాడు కూడా దాని మెమరీ ఖర్చు మోస్తాడు. ఆ ఖర్చు ఎక్కువైతే డిస్ట్రిబ్యూషన్లు దాన్ని పీకి పక్కన పెడతాయి. అప్పుడు అవసరమైనవాడికీ అది దక్కదు.

2010 అక్టోబరులో సరిగ్గా ఈ ముప్పే ఐఎంఏకి వచ్చింది. ఫైలుని చదివేముందు దాని హ్యాష్ లెక్కకట్టి చిట్టాలో రాసిపెట్టే వ్యవస్థ అది, 2009లో 2.6.30 కెర్నల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. దాని పనిలో ఒక చిక్కు ఉంది. ఫైలుని కొలిచేశాక, చదివేవాడు ఇంకా తెరిచి ఉంచుకున్నప్పుడే మరొకడు రాయడానికి తెరిస్తే, కొలత చెల్లదు. ఎవడో రాస్తుండగా కొలిచినా అంతే. కాబట్టి ఒక్కో ఫైలుని చదవడానికి ఎందరు తెరిచారు, రాయడానికి ఎందరు తెరిచారు అన్న లెక్క దానికి కావాలి. పైగా ఐఎంఏని మధ్యలో ఆన్ చేసినా లెక్క తప్పకూడదు. అందుకని ఆన్ చెయ్యకముందు నుంచే ప్రతి ఐనోడ్‌కీ సుమారు 120 బైట్ల నిర్మాణం ఒకటి కేటాయిస్తూ వచ్చింది. అందులో ఆ రెండు లెక్కలూ పోను మిగతాదంతా వృథాయే.

అంతటితో అయిపోలేదు. ఏ ఐనోడ్‌కి ఏ నిర్మాణమో వెతుక్కోవడానికి రేడిక్స్ ట్రీ వాడారు, ఐనోడ్ మెమరీ చిరునామానే కీగా పెట్టి. ఇది దండగ అని ఎత్తిచూపినది ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేసే డేవ్ చినర్. రేడిక్స్ ట్రీ చెడ్డదేమీ కాదు. ఫైలులోని పేజీల్లా సున్నా, ఒకటి, రెండు అని వరసగా నడిచే సంఖ్యలకి అంతకన్నా పొందికైనది దొరకడం కష్టం. దాని చివరి అంచెలో ఒక్కో నోడ్‌లో 64 గళ్ళుంటాయి, అంటే వరసగా వచ్చే 64 సంఖ్యలకి చోటు. ఐనోడేమో వందల బైట్ల వస్తువు, రెండు ఐనోడ్ల చిరునామాల మధ్య దూరం 64 కన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఏ నోడ్‌లో చూసినా ఒక గడి నిండుతుంది, 63 ఖాళీగా పడి ఉంటాయి. గడికి 8 బైట్ల చొప్పున నోడ్‌కి 512. పది లక్షల ఐనోడ్లున్న యంత్రంలో 120 బైట్లూ ఈ 512 బైట్లూ కలిపితే 63 కోట్ల బైట్లు దాటుతుంది. అదంతా వాడని సదుపాయానికి!

దీన్ని సరిదిద్దడానికి కెర్నల్ డెవలపర్ ఎరిక్ పారిస్ వరస ప్యాచ్‌లు రాశారు. పనితనం తెలియాలంటే ఆ వరసని ఒక్కొక్కటిగా చదవాలి. మొదట రేడిక్స్ ట్రీ తీసేసి రెడ్-బ్లాక్ ట్రీ పెట్టారు. ఎన్ని వస్తువులుంటే అన్ని నోడ్లే, ఖాళీ గళ్ళ బెడద ఉండదు. తర్వాత అక్కర్లేని లెక్కలు కొట్టేశారు, లాంగ్ అనే పెద్ద రకంలో ఉన్నవాటిని ఇంట్ అనే చిన్న రకానికి, అవును-కాదు చెప్పే జెండాలని ఒక్క బైట్‌కి దించారు. చదివేవాళ్ళ, రాసేవాళ్ళ లెక్కలు రెండింటినీ నేరుగా ఐనోడ్‌లోకే మార్చారు. దాంతో 120 బైట్ల నిర్మాణాన్ని ముందే కేటాయించే అగత్యం పోయింది, నిజంగా కొలవాల్సిన ఫైలు వచ్చినప్పుడు పుట్టిస్తే చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ తర్వాతి అడుగు. రాసేవాళ్ళ లెక్క ఐనోడ్‌లో ఎప్పటినుంచో ఉంది! నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలు మీద ఎవరూ రాయకుండా ఆపడానికి కెర్నల్ దాన్ని ఉంచుకుంటోంది. ఆ అంకె సున్నాకి పైనుంటే రాసేవాళ్ళున్నట్టు, కిందుంటే ప్రోగ్రామ్ నడుస్తున్నట్టు. ఐఎంఏ సొంత లెక్క మానేసి దాన్నే చూడటం మొదలుపెట్టింది. కొత్తగా మిగిలింది చదివేవాళ్ళ లెక్క ఒక్కటి, నాలుగు బైట్లు. ఐనోడ్‌కి ఐఎంఏ నిర్మాణం ఉందా లేదా అని చెప్పే జెండా కూడా ఒకటి పెట్టారు. లేదంటే ప్రతి ఐనోడ్ చెరిగిపోయేటప్పుడు లాక్ పట్టుకుని ట్రీలో వెతకాల్సి వచ్చేది. ఇదంతా 2011 జనవరిలో వచ్చిన 2.6.37లో చేరింది.

నాలుగు బైట్లకి ఇంత పట్టింపు ఎందుకంటే, కెర్నల్ ఒకే రకం వస్తువులని పేజీల్లో పక్కపక్కన పేరుస్తుంది. 4096 బైట్ల పేజీలో 1024 బైట్ల వస్తువులు నాలుగు సరిపోతాయి. దాన్ని 1032 చేస్తే మూడే పడతాయి. పెంచింది ఎనిమిది బైట్లు, పోయింది పావు వంతు చోటు. అలాగే నిర్మాణంలో ఫీల్డుల మధ్య అమరిక కోసం వదిలిన సందులుంటాయి. కొత్త ఫీల్డు సందులో ఇమిడితే ఖర్చే లేదు. ఆ సందులని చూపించడానికే పాహోల్ అనే పరికరం ఉంది.

భద్రతా మాడ్యూళ్ళు ఒకటికి మించి కలిసి నడవాల్సి వచ్చినప్పుడు కేసీ షాఫ్లర్ చేసిన పనీ ఈ కోవలోదే. ఐనోడ్‌లో భద్రతకి ఒకే పాయింటర్ ఉంటుంది. బూట్ సమయంలో ఆన్ అయిన మాడ్యూళ్ళు తలా ఎంత చోటు కావాలో చెబుతాయి. కెర్నల్ అన్నీ కూడి ఒకే ముక్కగా కేటాయిస్తుంది. ఆన్ కానివాటికి బైట్ కూడా దక్కదు.

2024లో 6.9 కెర్నల్‌తో ఐఎంఏ కూడా ఈ ఏర్పాటులోకి వచ్చింది. రాబర్టో సస్సు ప్యాచ్‌లతో ఆ రెడ్-బ్లాక్ ట్రీ మొత్తంగా పోయింది. ఐఎంఏ చేర్చిన కెర్నల్‌లో ఇప్పుడు ఆ ఉమ్మడి ముక్కలోనే దానికో పాయింటర్ ఉంటుంది, 64 బిట్ యంత్రంలో 8 బైట్లు. అంటే ఐఎంఏని వాడనివాడి మీద కూడా కాస్త బరువు తిరిగి పడింది. బదులుగా ట్రీలో వెతుకులాట, దాని కోసం అందరూ ఒకే లాక్ దగ్గర వరసకట్టడం తప్పాయి. పది లక్షల ఐనోడ్లకి 80 లక్షల బైట్లు. 2010 నాటి 63 కోట్లు గుర్తున్నవాళ్ళు దీనికి పేచీ పెట్టరు.