గిటార్ అడుగున జరిగే పని

1970ల నాటి పెడల్ స్టీల్ గిటార్‌ను బల్లమీద బోర్లా పెట్టి మోకాలి లివర్లను సరిచేసే మెకానిక్‌ను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నాష్‌విల్ పాటల్లో గుండెను మెలిపెట్టే ఆ జారుడు విని అందరూ బడ్డీ ఎమన్స్ లాంటి వాయిద్యకారులను మెచ్చుకుంటారు. న్యాయమే. కానీ అందులో కొంత వాటా ఈ అడుగుభాగానిది. మోకాలితో లివర్‌ను పక్కకు నెడితే అడ్డ ఇరుసు తిరుగుతుంది, దానికున్న చిన్న మీట సన్నని కడ్డీని లాగుతుంది, కడ్డీ కొసన తీగ బిగువు మారుతుంది. 'ఈ9' అనే శ్రుతిలో నాలుగో తీగ, ఎనిమిదో తీగ రెండూ 'ఈ' స్వరాలే, ఒకటి పై స్థాయిలో, ఒకటి కింది స్థాయిలో. ఒక లివర్ నెడితే రెండూ ఒకేసారి అర మెట్టు దిగాలి. ఒకటి సన్నం, ఒకటి లావు. ఒకే లాగుడుకు ఒకేలా లొంగవు. అందుకే కడ్డీని మీటలో ఏ రంధ్రానికి తగిలించాలన్నదే అసలు విద్య. ఇరుసుకు దూరంగా తగిలిస్తే మోకాలు కాస్త కదిలితే చాలు, కానీ బరువు. దగ్గరగా అయితే తేలిక, ఎక్కువ దూరం నెట్టాలి. తర్వాత మెకానిక్ కడ్డీ కొసనున్న నైలాన్ నట్టును వెంట్రుకవాసి తిప్పి, తీగ మీటి, చెవొగ్గి, మళ్లీ తిప్పుతాడు. స్ప్రింగు సంగతీ అంతే: వదులైతే దిగిన స్వరం పూర్తిగా పైకి రాదు, బిగిస్తే మోకాలికి శ్రమ. చివరికి వాయించే మనిషినే కూర్చోబెట్టి, ఆయన కాలి పొడవును బట్టి లివర్‌ను జరుపుతాడు. మోకాలి నొప్పితో అరగంటకే లేచిపోయే పెద్దాయన ఇక కచేరీ అంతా కూర్చుని వాయించగలడు.