శివారు జీవితమూ, మన కథకులూ

నగరాల శివార్లలో ప్రశాంతమైన కాలనీలలో బతికేవాళ్ళ జీవితం అభ్యుదయ రచయితకు వస్తువు కాగలదా అనే ప్రశ్న మన గోష్ఠులలో అప్పుడప్పుడు లేస్తుంది. లేచినప్పుడల్లా రెండే జవాబులు వినిపిస్తాయి. వాళ్ళు సుఖపడేవాళ్ళు, వాళ్ళ ఏడుపు మనకెందుకు అనేది మొదటిది. ఒంటరితనం మానవులందరికీ సమానమే, దానికి వర్గమేమిటి అనేది రెండవది. మొదటి జవాబు చెప్పేవాళ్ళు సమాజంలో ఒక భాగాన్ని అసలు చూడవద్దని రచయితకు ఆంక్ష పెడుతున్నారు. రెండవ జవాబు చెప్పేవాళ్ళు చూడమంటూనే కళ్ళకు గంతలు కడుతున్నారు. ఈ రెండింటి మధ్యా పడి శివారు జీవితం గురించిన మన కథలు చాలావరకు నిట్టూర్పుల దగ్గరే ఆగిపోతున్నాయి.

గోల్ఫు మైదానం పక్కన ఇల్లు అనేది ఈ జీవితానికి పరాకాష్ఠ. పొద్దున్నే కారులోనో, కంపెనీ బస్సులోనో పనికి పోయి, చీకటి పడ్డాక తిరిగి వచ్చేవాడికి కిటికీలోంచి వంద ఎకరాల పచ్చిక కనబడుతుంది. ఆ పచ్చిక మీద అతను ఆడకపోవచ్చు. చాలామంది ఆడరు కూడా. ఆ పచ్చికలో ఇంకెవరూ ఇల్లు కట్టరనీ, అంగడి పెట్టరనీ, పశువులను తోలరనీ హామీ ఉండటమే అతను కొనుక్కున్నది. ఇంటి ధరలో ఒక భాగం ఇటుకలకూ సిమెంటుకూ పోతే, మరొక భాగం ఆ ఖాళీకి పోతుంది. అర్థశాస్త్రం చదివే విద్యార్థులు భూమిశిస్తు సిద్ధాంతానికి ఇంతకంటె సులువైన ఉదాహరణ వెతకనక్కరలేదు.

యానాం ప్రాంతపువాళ్ళకు ఈ గొడవ దూరపుదిగా తోచవచ్చు. మూడు దశాబ్దాలుగా డెల్టా చదువుకున్న పిల్లలు ఎక్కడికి పోతున్నారో చూస్తే అది దూరం కాదు. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమయ్యాక హైదరాబాదు పడమటి శివారు రాళ్ళగుట్టలను మింగుతూ పెరిగింది. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ దుబాయికి చెందిన ఎమ్మార్ సంస్థతో ఒప్పందం చేసుకున్నది. మణికొండ ప్రాంతంలో 500 ఎకరాలకు మించిన భూమిలో గోల్ఫు మైదానమూ, దాని చుట్టూ విల్లాలూ, హోటలూ, సమావేశ మందిరమూ వచ్చే పథకం అది. విల్లాల అమ్మకాలలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణల మీద 2011లో హైకోర్టు ఆదేశంతో సి.బి.ఐ. దర్యాప్తు మొదలయింది. ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానాలు తేల్చవలసినవి. సాహిత్యం పట్టించుకోవలసిన సంగతి అంతకంటె మామూలుది: ప్రభుత్వం చేతిలోని భూమి కొందరి కిటికీలకు దృశ్యంగా మారింది. సముద్రానికి అవతల సంగతీ ఇంతే. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఇళ్ళు కొనుక్కున్న డల్లాసు శివారు ఫ్రిస్కోలోనే 2022 నుంచి అమెరికా వృత్తి గోల్ఫు క్రీడాకారుల సంఘం ప్రధాన కార్యాలయం ఉన్నది.

ఇక కథల సంగతి. అమెరికా శివారు మీద మనవాళ్ళు రాసిన కథలలో పదే పదే కనబడే పాత్ర, ఊరినుంచి వచ్చిన తల్లి, లేదా తండ్రి. కొడుకూ కోడలూ పనికి పోతారు. వీధిలో మనిషి ఉండడు. పలకరించే కాలవగట్టు లేదు, రావిచెట్టు లేదు. ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని కోనసీమను తలచుకుంటాడు. బంగారు పంజరం అనే మాట ఏదో ఒక పేజీలో వచ్చి తీరుతుంది. ఈ కథలు అబద్ధాలని నేననను. ఆ ముసలాయన బాధ నిజమే. కాని అతను తలచుకునే కోనసీమలో పొలం ఎవరు దున్నుతున్నారో అతనికి ఒక్కసారైనా జ్ఞాపకం రాదేమి? అవతల గడ్డి కోస్తున్న మెక్సికో కూలీ అతని కిటికీకి అడ్డంగా వారానికొకసారి నడుస్తాడు గదా, వాడు కథలోకి ఎందుకు రాడు? నిశ్శబ్దం బాధిస్తున్నదని రాసే రచయిత ఆ నిశ్శబ్దాన్ని ఎవరు తయారు చేస్తున్నారో చూడటం లేదు. నిశ్శబ్దం కూడా తయారయ్యే వస్తువే. గడ్డి కోసేవాడూ, చెత్త ఎత్తేవాడూ, రాత్రి గేటు దగ్గర కూర్చునేవాడూ కలిసి దానిని రోజూ తయారు చేస్తారు. తమ పని అయ్యాక వాళ్ళు కనబడకుండా పోవటం కూడా ఆ పనిలో భాగమే.

ఈ కనబడకపోవటాన్ని మొదట పట్టుకున్నవాడు కథకుడు కాదు. 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో ఎంగెల్సు మాంచెస్టరు నగరపు పటాన్ని మాటలతో గీశాడు. మధ్యలో వ్యాపారకేంద్రం, చుట్టూ కార్మికుల వాడలు, వాటిని దాటి గాలి వెలుతురూ ఉన్న ఎత్తు ప్రదేశాలలో ధనికుల తోటల ఇళ్ళు. ఆ ఇళ్ళనుంచి నగరంలోకి గుర్రపు బస్సులు తరచుగా నడిచేవి. అవి నడిచే పెద్దవీధులకు రెండు వైపులా దుకాణాలు బారులు తీరి ఉండటంవల్ల, వాటి వెనక ఉన్న దారిద్ర్యం బస్సులో కూర్చున్న పెద్దమనిషి కంట పడేది కాదు. దీనిని ఎవరో కూర్చుని కుట్ర పన్నారని ఎంగెల్సు అనలేదు. భూమి ధరలూ, దుకాణదారుల అవసరాలూ కలిసి దానంతట అదే అట్లా అమరింది. నేటి ఔటర్ రింగు రోడ్డుకు కంచెలూ, కంపెనీ బస్సుకు చల్లని అద్దాలూ ఉన్నాయి. పటం పెద్దగా మారలేదు.

మన నేలమీద ఈ పటం తెల్లవాడు గీసినదే. పుదుచ్చేరిలో కాలువకు ఇవతల తెల్లవాడ, అవతల నల్లవాడ. విశాఖలో దొరల బంగళాలు వాల్తేరు మెట్టమీద. కలకత్తాలో 1829లో పుట్టిన గోల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవుల బయట అన్నిటికంటె పాతదంటారు. 1954 నవంబరు 1న ఫ్రెంచి పరిపాలన యానాంతో సహా ఆ వలసలనుంచి తొలగింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తయింది. జెండా దిగింది గాని, ఊరికి దూరంగా గోడ కట్టుకుని బతకటమే గౌరవమనే భావం దిగలేదు.

అయితే ఆ కోరికను ఎగతాళి చేయటం తేలిక. అర్థం చేసుకోవటమే కష్టం. 1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' ధారావాహికగా వచ్చినప్పటి నుంచి కారూ, బంగళా, పొడుగాటి నాయకుడూ ఉన్న నవలలను మన విమర్శకులు కలల వ్యాపారమని తోసిపుచ్చుతూ వచ్చారు. కలల వ్యాపారమే. కాని కొన్నవాళ్ళెవరు? రెండు గదుల వాటాలో ఆరుగురితో సర్దుకుంటూ, పక్కవాటావాళ్ళ దగ్గు తమ దిండు దగ్గర వినబడుతూ బతికిన ఆడవాళ్ళు. తలుపు వేసుకుంటే తెరుచుకునేదాకా ఎవరూ రాని గది ఒకటి కావాలనుకోవటం బూర్జువా లక్షణమైతే, సగం దేశం బూర్జువాలే. మధ్యతరగతి ఇంటి ఇరుకును కొడవటిగంటి కుటుంబరావు అంత నిక్కచ్చిగా రాసినవాడు లేడు. ఇరుకునుంచి మనుషులు ఏం కలగంటారో మాత్రం మనం యద్దనపూడికి వదిలేశాం. విశాలమైన చోటూ, చెట్టూ, నిశ్శబ్దమూ శ్రామికుడికీ కావాలి. అది అందరికీ అందవలసిన వస్తువు, కొందరు గోడ కట్టి అమ్ముకుంటున్నారు. తగాదా ఆ గోడతోనే.

ఈ తేడా తెలియాలంటే పరాయి సాహిత్యంలో రెండు రచనలు పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

అమెరికా కథకుడు జాన్ చీవర్ 1950లలో న్యూయార్కు శివారుమీద కథలు రాశాడు. షేడీ హిల్ అనే కల్పిత కాలనీలో జానీ హేక్ అనే గృహస్థు ఉంటాడు. రైలెక్కి ఉద్యోగానికి పోయేవాడు. ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, ఒక రాత్రి పొరుగువాడి ఇంట్లో దూరి పర్సు దొంగిలిస్తాడు. శివారు నిశ్శబ్దంలోని భయాన్ని ఇంత బాగా పట్టుకున్న కథ నేను చదవలేదు. తలుపులు తాళాలు లేకుండా ఉంటాయి. అందరూ అందరికీ మిత్రులే. కాని ఒక్క నెలజీతం ఆగితే ఆ మర్యాదస్తుడు దొంగకు అడుగు దూరంలో ఉంటాడు. అంతవరకూ చీవర్ గొప్పవాడు. తరువాత హేకుకు ఉద్యోగం తిరిగి వస్తుంది, అతను డబ్బు తిరిగి పెట్టేస్తాడు, హాయిగా ఇంటికి నడిచిపోతాడు. ఉద్యోగం తీసేసిన చెయ్యే మళ్ళీ ఇచ్చింది గనక కథకుడికి ప్రశ్నలు లేవు. 1964లో రాసిన 'ఈతగాడు' కథలో చీవర్ ఈ తప్పించుకోవటం మానుకున్నాడు. పొరుగువాళ్ళ ఈతకొలనులన్నీ వరసగా ఈదుకుంటూ ఇంటికి పోవాలని బయలుదేరిన పెద్దమనిషికి, ఒక్కొక్క ఇంట్లో పలకరింపు మారుతూ వస్తుంది. అతను చితికిపోయాడని పాఠకుడికి ఆ పలకరింపుల వల్లనే తెలుస్తుంది. చివరకు తన ఇల్లు తాళం వేసి, ఖాళీగా ఉంటుంది. డబ్బు గురించి ఉపన్యాసం లేదు. ఉన్నదంతా డబ్బే.

రెండవ రచన సారా క్లెగ్‌హార్న్ అనే సోషలిస్టు కవయిత్రిది. 1910లలో రాసిన, గోల్ఫు మైదానం గురించిన నాలుగే పాదాల పద్యం. మిల్లులో పనిచేసే బాలకార్మికులనూ, పక్కనే ఆడుకునే పెద్దవాళ్ళనూ ఆమె ఒకే చూపులో కలిపింది. చిన్నవాళ్ళు ఆడవలసినదీ పెద్దవాళ్ళు పనిచెయ్యవలసినదీ తారుమారైన సంగతి ఆమె చెప్పదు, మనకే తడుతుంది. నినాదం లేదు. చీవర్ ఎన్నో కథలలో చేయనిది ఆమె నాలుగు పాదాలలో చేయగలిగింది, ఎందుకంటే ఆమె కిటికీకి అవతలి వైపు నిలబడి చూసింది. అయితే ఆ మైదానంలో ఆడేవాడి లోపల ఏముందో ఆమె పద్యంలో తెలియదు. మనకు కావలసిన కథకుడు ఈ రెండు వైపులా నిలబడగలగాలి.

అటువంటి కథకు సామగ్రి మన చుట్టూ పడి ఉన్నది. 2011 ఖరీఫులో గోదావరికి అవతల కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించారు. గిట్టుబాటు లేదన్నారు. విరామమన్నది భూమి ఉన్నవాడికి. కూలీకి అది ఆకలి. ఆ సంవత్సరమే గోల్ఫు విల్లాల దర్యాప్తు మొదలయింది. కొద్ది నెలలకు, 2012 జనవరి 27న, యానాంలో రీజెన్సీ సెరామిక్సు కార్మికుల ఆందోళనలో వాళ్ళ నాయకుడు పోలీసు చర్య మధ్య మరణించాడు. జనం ఫ్యాక్టరీమీద విరుచుకుపడ్డారు. కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ఆ దాడిలో చనిపోయాడు. ఆ తరువాత ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి మూతపడింది. అక్కడ తయారయినవి ఇళ్ళలో పరిచే టైల్సు. చెప్పులు విప్పి నడిచే ఆ చల్లని, నున్నని నేలమీద మన శివారు కథలు ఎన్నో జరుగుతాయి. ఆ నేల ఎక్కడినుంచి వచ్చిందో ఏ పాత్రా అడగదు.

అసలు 'పనికోసం దూరం పోయి వచ్చే జీవితం' అనగానే మనకు ఐ.టి. ఉద్యోగి మాత్రమే ఎందుకు తోస్తాడు? తెల్లవారకముందే డెల్టా పల్లెలనుంచి రొయ్యల ఫ్యాక్టరీలకు ఆడవాళ్ళను ఎక్కించుకుపోయే బస్సులున్నాయి. వాళ్ళు కూడా చీకటితో పోయి చీకటితో వచ్చేవాళ్ళే. ఆదివారం వాళ్ళ వీధి కూడా నిద్రపోతుంది. వాళ్ళ అలసటకూ కాలనీవాడి అలసటకూ ఉన్న పోలికా, తేడా రెండూ ఒకే కథలో రాసినవాడు ఉంటే నేను అతని దగ్గర పాఠం చెప్పించుకుంటాను. కాలనీవాడు కూడా జీతగాడే. ఇరవయ్యేళ్ళ బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకున్నవాడు. ఇంటి అప్పుతో కార్మికుడిని భూమికి కట్టేస్తారని ఎంగెల్సు 1872లో ఇళ్ళ సమస్యమీద రాసిన వ్యాసాలలో హెచ్చరించింది ఇటువంటి సంగతినే.

కౌలు సంగతి మరీ ముఖ్యం. డెల్టాలో భూమి ఒకచోట, భూయజమాని మరొకచోట ఉండటం మామూలయిపోయింది. ఆంగ్లేయుల కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన నీటితో మొదలయిన మిగులు, చదువుగా మారి, ఉద్యోగంగా మారి, కాలనీలో ఇల్లుగా మారింది. కోస్తా రైతు పెట్టుబడిదారుగా మారిన వైనాన్ని కెరోల్ ఉపాధ్య 1988లోనే వివరించింది. పొలం మాత్రం అమ్మరు, కౌలుకిస్తారు. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తానన్నది. 2019 చట్టం కార్డుకు యజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. సంతకం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు.

ఇప్పుడు ఒక కౌలురైతును ఊహించండి. సంతకంకోసం రాత్రి బస్సెక్కి హైదరాబాదు వస్తాడు. సంచిలో కొత్త బియ్యం, అరటికాయలు. కాలనీ గేటు దగ్గర కాపలావాడు పుస్తకం ముందుకు తోసి పేరు, ఇంటి నంబరు, వచ్చిన పని రాయమంటాడు. ఆ కాపలావాడిది శ్రీకాకుళమో, ఒరిస్సానో. పైన కిటికీ దగ్గర, అమెరికా కథలలోని ముసలాయనలాంటి తండ్రే ఒకాయన కూర్చుని, కోనసీమను తలచుకుంటూ ఉంటాడు. ఆయన నిజంగానే ఒంటరి. వచ్చినవాడిని చూసి నిజంగానే సంతోషిస్తాడు, లోపలికి రమ్మంటాడు, కాఫీ ఇప్పిస్తాడు, ఊళ్ళో ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతాడు. కాగితం బయటికి తీసేసరికి, అబ్బాయి ఆఫీసునుంచి రానీ, అంటాడు.