రాజశేఖర చరిత్రము : తొలి ప్రకరణములలో భయపోషణము

వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును బోధించునపుడు తొలి ప్రకరణములను త్వరగా దాటిపోవుట మన తరగతులలో వాడుకయైనది. గోదావరి, ధవళగిరి, జనార్దనస్వామి యాలయము, రాజశేఖరుని యిల్లు - ఇవన్నియు ప్రబంధములలోని పురవర్ణనమునకు వచనరూపములనియు, కథ యటుపిమ్మటనే యారంభమగుననియు విద్యార్థికి చెప్పుదుము. ఈ యభిప్రాయము సరికాదని నా తలంపు. కథలోని యాందోళనమునకు బీజములు ఆ వర్ణనములలోనే యున్నవి. వానిని విడిచి చదివినచో తరువాతి కష్టపరంపర కారణము లేక వచ్చిపడినట్లు తోచును.

ఈ నవల 1878లో వివేకవర్ధనిలో భాగములుగా వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చినది. అది విక్టోరియా రాణి పాలించుచున్న కాలము. కావున కాలమునుబట్టి పంతులుగారును విక్టోరియా యుగపు నవలాకారులే. ఆ యుగపు ఆంగ్ల నవలలలో భయపోషణమునకు ఒజ్జబంతి యనదగినది డికెన్సు రచించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. 1860 డిసెంబరు 1 మొదలుకొని ఆయన దానిని తన 'ఆల్ ది ఇయర్ రౌండ్' వారపత్రికలో ప్రకటించెను.

అందు తొలి పుటలలోనే కెంటు మండలపు చిత్తడినేలల నడుమ నొక శ్మశానము, తల్లిదండ్రుల గోరీలయొద్ద ఒంటరి బాలుడు, కాలి సంకెలతో పారివచ్చిన ఖైదీ కానవత్తురు. ఖైదీ ఆ బాలుని తలక్రిందులు చేసి, ఆకురాయిని, తిండిని తెచ్చి యిమ్మని బెదరించును. భయమంతయు నిచ్చటనే యున్నదని పాఠకుడనుకొనును. కాని డికెన్సు నేర్పు రెండవ ప్రకరణమున గలదు. ఇల్లు చేరిన పిప్పు తనకు పెట్టిన రొట్టెముక్కను లాగుకాలిలో దాచుకొనును. తెల్లవారగనే అక్క వంటసామగ్రిని దొంగిలింపవలసియున్నది. ఇక నాతని వెఱపు ఖైదీని గూర్చి మాత్రమే కాదు. అక్కను గూర్చి, తన్ను గూర్చి కూడ. నాల్గవ ప్రకరణమున క్రిస్మసు విందు జరుగుచుండగా, ఆతడు ముందే దొంగిలించి ఖైదీకిచ్చిన మాంసపు పిండివంటను తెచ్చుటకై అక్క లేచును. బాలుడు వాకిటికి పరుగిడును. వాకిట సంకెళ్లు చేతబట్టుకొని సైనికులు! ఆ వారపు భాగము అచ్చటితో ముగిసినది. శ్మశానములోని భయమును భోజనపు బల్లయొద్దకు చేర్చుట డికెన్సు పద్ధతి.

పంతులుగారికి డికెన్సు మేలుబంతి కాడు. వారు ఛాయగా గ్రహించినది గోల్డుస్మిత్తు 1766లో వెలువరించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అందు మతగురువు ధనమంతయు నొక వర్తకునియొద్ద నుండెను. ఆ వర్తకుడు పరారియైనాడను వార్త రెండవ ప్రకరణముననే వచ్చును. సంపద యొక్క దెబ్బతో పోయినది. భయపడుటకు వ్యవధియే లేదు. పంతులుగారు ఈ యంశమును మార్చిరి. రాజశేఖరుని సంపద ఒక్క దినమున పోదు. చిల్లికుండలోని నీరువలె కాఱిపోవును. ఈ మార్పు చిన్నది కాదు. వారు మూలమునకు ఋణపడినదానిని లెక్కించు విమర్శకులు దీనిని గూడ లెక్కింపవలెను.

ఇక వర్ణనముల మాట. నిండుగానున్న యింటిని, ఆ యింటి యజమానుని నలుగురును పొగడుచుండగా వినిన తెలుగువాని మనస్సులో దిష్టి యను మాట మెదలక మానదు. నేడును విజయవాడ ఆటోనగరులో బాడీ కట్టించుకొని బయలుదేరు క్రొత్త లారీకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, గుమ్మడికాయ పగులగొట్టనిదే యజమాని చక్రము కదలనీయడు. రాజశేఖరుడు తన యింట కూర్చుండి ముఖస్తుతులు విని సంతసించు ఘట్టమును ఈ చూపుతో చదువవలెను. పంతులుగారు దృష్టిదోషమును నమ్మినవారు కారు. కాని తమ పాఠకుడు నమ్మునని యెఱిగినవారు. పొగడ్త మితిమీఱినకొలది, ఈ యింటికేమి కానున్నదో యను శంక పాఠకునిలో దానంతటదియే పెరుగును. వేఱు శ్మశానము అక్కఱలేదు.

ఆ శంక జనార్దనస్వామి రథోత్సవమున నిజమగును. జనసమ్మర్దములో రుక్మిణి కాసులపేరు పోవును. దసరా దినములలో ఇంద్రకీలాద్రి మెట్లపై తన మెడనగను చేతితో పట్టుకొని నిలిచిన యిల్లాలికి ఈ ఘట్టము వేఱుగా వివరింపనక్కఱలేదు. ఆ వెంటనే ఆమె భర్త నృసింహస్వామి కాశిలో మరణించెనను వార్త వచ్చును. ఇచ్చట నాకు కొంత అసంతృప్తి కలదు. నగ పోయిన కలత పాఠకుని మనస్సులో నిలువకమునుపే మరణవార్త దానిని మ్రింగివేయును. డికెన్సు ఈ రెంటి నడుమ ఒక రాత్రి నుంచియుండును. భయము వ్యవధిలో పెరుగును గాని ఘటనల సంఖ్యతో కాదు.

తరువాత రుక్మిణికి దయ్యము పట్టెననుట, భూతవైద్యుడు వచ్చుట. శిల్పము మిక్కిలి చిక్కుపడినదిచ్చటనే. దయ్యమును భయంకరముగా చిత్రించినచో సంస్కర్త యోడును. పరిహాసముగా చిత్రించినచో కథకు బిగువు తగ్గును. పంతులుగారు పరిహాసమునే యెన్నుకొనిరి. నడుమ నడుమ తామే ముందుకు వచ్చి హితవు చెప్పిరి. ఆ హితోపదేశములు బిగువును సడలించుట నిజము. అయినను భయము నశింపలేదు, చోటు మార్చుకొన్నది. దయ్యమును చూచి నవ్విన పాఠకుడు, బంగారము చేసెదనని అదే యింట చేరిన బైరాగిని చూచి నవ్వలేడు. మంత్రగాని కపటమును ఇప్పుడే కన్నాడు గనుక బైరాగి కపటమును ముందుగనే గుర్తించును, రాజశేఖరుడు గుర్తింపడు. ఇంటి బంగారము బైరాగి చేతిలో పడునంతవరకు మనము చేయగలిగినది లేక చూచుచుందుము. పిప్పు భయమును పిప్పుతోపాటు అనుభవించెదము. రాజశేఖరుని భయమును అతనికి బదులుగా మనమే అనుభవించెదము. అతనికి అది లేకుండుటయే కథలోని భయము.

1887లో హచిన్‌సన్ ఈ నవలను ఆంగ్లమున అనువదించి లండనులో ప్రకటించెను. ఆయన పెట్టిన పేరు 'ఫార్చ్యూన్స్ వీల్', అనగా భాగ్యచక్రము. చక్రమనగనే పడినది మరల లేచునని పేరే చెప్పివేయును. తెలుగు పేరు ఏమియు చెప్పదు. ముఖస్తుతుల ఘట్టమును ఆంగ్ల పాఠకుడు చక్రభ్రమణములో తొలి సగముగా చదివియుండును. 1878లో వివేకవర్ధనిని చేతబట్టిన గోదావరీ తీరపు పాఠకుడు మాత్రము, ఆ పొగడ్తలు ముగిసిన తోడనే ఎవరైనను ఉప్పు దిగదుడిచిన బాగుండునని తలచియుండును.